ఎవరిదీ కాని కిలోమీటరు: గ్రావెల్ రోడ్డు, వాననీరు, చందా లెక్క

విశాఖపట్నం పక్కన ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు హైవే దిగి లోపలికి వెళ్తుంటే రోడ్డు అంచెలంచెలుగా దిగజారుతుంది. ముందు తారు. తర్వాత పంచాయతీ వేసిన సిమెంటు రోడ్డు. అది ఊరి చివర వాటర్ ట్యాంకు దగ్గరో, అమ్మవారి గుడి దగ్గరో ఆగిపోతుంది. అక్కడి నుంచి ఎర్ర గ్రావెల్ దారి. దాని మీద ఓ పాతిక ఇళ్లు, రెండు మామిడి తోటలు, ఒక కోళ్ల ఫారం, సిటీలో ఉండేవాళ్లు కొని రాళ్లు పాతి వదిలేసిన ప్లాట్లు ఉంటాయి.

ఆ దారి కథ దాదాపు అన్నిచోట్లా ఒకటే. వానలు మొదలవగానే స్కూలు ఆటో రానంటుంది. ఎవరో ఇద్దరు పూనుకుని ఇంటింటికీ తిరిగి చందా పోగుచేస్తారు. నాలుగు టిప్పర్ల గ్రావెల్ తోలించి, జేసీబీతో చదును చేయిస్తారు. రెండు నెలలు హాయిగా గడుస్తుంది. అక్టోబరులో వాయుగుండం పట్టి రెండ్రోజులు ముసురుకుంటే గ్రావెల్ గెడ్డలోకి (వాగులోకి), గొడవ వాట్సాప్ గ్రూపులోకి చేరతాయి. మరుసటి ఏడాది చందాకి వెళ్తే గుమ్మంలోనే ప్రశ్న ఎదురవుతుంది: "కిందటేడు ఇచ్చింది ఏటయిందండీ?"

న్యాయమైన ప్రశ్నే. దీనికి చాలామంది చెప్పే జవాబు "డబ్బులు చాల్లేదు" అని. నాకు అలా అనిపించదు. ఇలాంటి సంఘాలు ఎక్కువగా దెబ్బతినేది పనుల వరస దగ్గర. ముందు గ్రావెల్, వీలైతే కాలువ, గొడవ వచ్చినప్పుడు కాగితాలు అనుకుంటారు. ఆ వరసని తలకిందులు చేస్తే తప్ప రోడ్డు నిలవదు: ముందు కాగితం, తర్వాత కాలువ, ఆఖరున గ్రావెల్. ఎందుకో ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

సర్కారు ఎందుకు రాదు

పల్లె రోడ్ల కోసం పథకాలు లేక కాదు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతాల్లో 500, కొండ ప్రాంతాలు, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా దాటిన, అప్పటికి రోడ్డు లేని ఆవాసాలకు ఒక పక్కా దారి ఇవ్వడం దాని లక్ష్యం. ఊరికి ఇప్పటికే ఒక రోడ్డు ఉంటే లెక్క ప్రకారం ఆ ఊరు కలిసిపోయినట్టే. ఊరి చివర నుంచి తోటల వైపు పోయే మరో కిలోమీటరు ఆ లెక్కలోకి రాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద రోడ్ల పనులు చాలానే జరిగాయి గానీ, ఆ చట్టం కూలీకి 60, సామగ్రికి 40 అన్న నిష్పత్తి పెట్టింది. గ్రావెల్ రోడ్డులో ఖర్చంతా సామగ్రి, యంత్రాలదే. కూలీ పని ఎక్కువున్న చెరువు పూడికతీతతో పోలిస్తే ఇది ఆ కొలతలో ఇమడడం కష్టం.

మిగిలింది పంచాయతీ. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఊళ్లోని పబ్లిక్ రోడ్లు, జిల్లా, మండల పరిషత్తులవీ హైవేలూ మినహాయిస్తే, గ్రామ పంచాయతీకే చెందుతాయి. వాటి మరమ్మతు కూడా దాని బాధ్యతే. ఇక్కడ కీలకమైన మాట "పబ్లిక్". మీ దారి పబ్లిక్‌దేనా? అసలు ముడి అక్కడుంది.

దారి ఎవరిది

గ్రావెల్ దారులు మూడు రకాలు. పైకి మూడూ ఒకేలా ఎర్రగా, గతుకులుగా ఉంటాయి. చట్టం ముందు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేదు.

మొదటిది రికార్డుల్లో ఉన్న దారి. గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లో (సర్వే శాఖ గీసిన పొలం కొలతల పటంలో) రస్తా అనో, బండిదారి అనో గీత ఉంటుంది. రికార్డుల్లో పోరంబోకుగా కనిపిస్తుంది. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి కాబట్టి, ఆ కొత్త పటంలో కూడా దారి దారిగానే పడిందా అని చూసుకోవాలి. ఇది ఊరి ఆస్తి. దీన్ని ఎవరైనా కంచె వేసి మూస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి (ఆర్డీవో లాంటి అధికారికి) ఫిర్యాదు చేయొచ్చు. పబ్లిక్ దారికి అడ్డు తీయించే అధికారం ఆయనకి ఉంది. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో) 133గా ఉన్న ఆ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152గా మారింది. ఈ రకం దారి మీద సంఘం పని చేయాలంటే పంచాయతీ తీర్మానం తీసుకోవడం మంచిది. "ఫలానా సర్వే నంబరులోని రస్తాకి సంఘం సొంత ఖర్చుతో మరమ్మతు చేసుకోవడానికి అభ్యంతరం లేదు" అన్న ఒక్క వాక్యం చాలు. రేపు ఎవరైనా ఆ దారి తమదేనంటే, అది పబ్లిక్ రోడ్డని పంచాయతీయే ఒప్పుకున్న కాగితం కూడా అదే అవుతుంది.

రెండోది లేఅవుట్ రోడ్డు. అనుమతి ఉన్న లేఅవుట్ అయితే రోడ్లనీ ఖాళీ స్థలాన్నీ గిఫ్ట్ డీడ్ రాసి స్థానిక సంస్థకి అప్పగించి ఉండాలి. అలా అప్పగించి ఉంటే అదీ పబ్లిక్ రోడ్డే. అనుమతి లేనిదైతే కాగితం మీద 30 అడుగుల రోడ్డు కనిపిస్తుంది గానీ ఆ నేల ఇంకా ఎవరో పట్టాదారు పేరునే ఉండొచ్చు. ప్లాటు కొనేటప్పుడు బ్రోచర్లో అందమైన రోడ్డు చూపించిన వ్యక్తి, ఆ రోడ్డుకి గ్రావెల్ కావాలన్న రోజున ఫోనెత్తడు.

మూడోది అన్నిటికంటే చిక్కుది: పూర్తిగా ప్రైవేటు పొలం గుండా పోయే దారి. దీనికి వర్తించేది 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ చట్టం. ఈజ్‌మెంట్ అంటే ఇతరుల నేల మీద దారి లాంటి వాడకపు హక్కు. మొదట్లో ఇది కొన్ని రాష్ట్రాలకే వర్తించింది. వాటిలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి కాబట్టి విశాఖలో అది మొదటి రోజు నుంచీ ఉన్న చట్టమే. దీనిలో మన సంఘాలకి పనికొచ్చే సెక్షన్లు కొన్ని ఉన్నాయి.

సెక్షన్ 15 ప్రకారం ఒక దారిని 20 ఏళ్లపాటు బహిరంగంగా, గొడవ లేకుండా, హక్కుగా, ఆగకుండా వాడుకుంటే ఆ వాడకం చట్టబద్ధమైన హక్కు అవుతుంది. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏళ్లు. "హక్కుగా" అన్నచోటే మంచివాళ్లు ఇరుక్కుంటారు. పొలం ఆసామిని అడిగి, ఆయన దయతో నడిచిన దారి ఎన్నేళ్లు నడిచినా హక్కుగా మారదు. అది అనుమతి మాత్రమే. ఆసామి పొలం అమ్మేస్తే కొన్నవాడు ఆ అనుమతికి కట్టుబడనక్కర్లేదు. "మా తాతల నాటి నుంచీ వాళ్లతో మంచిగానే ఉన్నాం" అన్న మాట ఊళ్లో గౌరవం తెస్తుంది, కోర్టులో కొన్నిసార్లు కేసే పోగొడుతుంది.

సెక్షన్ 24 ప్రకారం దారి హక్కు ఉన్నవాళ్లకి దాన్ని బాగుచేసుకోవడానికి అవసరమైన పనులు చేసే హక్కు కూడా ఉంటుంది. నేల యజమానికి వీలైనంత తక్కువ ఇబ్బంది కలిగించాలి, నష్టం జరిగితే సరిచేయాలి. సెక్షన్ 25 ప్రకారం ఆ ఖర్చంతా వాడుకునేవాళ్లదే. సెక్షన్ 27 ప్రకారం నేల యజమాని ఏ పనీ చేయనక్కర్లేదు. అందుకే "వాళ్ల పొలంలోంచే కదా పోతోంది, వాళ్లూ చందా ఇవ్వాలి" అన్న వాదన నిలవదు. ఆయనా అదే దారి వాడుకుంటుంటే సంగతి వేరు. సెక్షన్ 28 మరో మెలిక పెట్టింది: ఒక రకం దారి హక్కు మరో రకానికి వర్తించదు. ఎడ్లబండి వెళ్లే హక్కు ఉన్నంత మాత్రాన టిప్పరు తోలే హక్కు వచ్చినట్టు కాదు.

కాబట్టి ప్రైవేటు దారి మీద లక్షలు పోసేముందు ఆసామితో కూర్చుని, వెడల్పు, వాహనాల రకం, మరమ్మతు హక్కు రాసుకుని రిజిస్టరు చేయించుకోవాలి. రోడ్డు పడకముందు ఆయన ఒప్పుకోవడం తేలిక. రోడ్డు పడి, పక్కన గజం రేటు పెరిగాక ఆయన ఆలోచన మారుతుంది. తప్పు పట్టలేం.

నీరు

ఇప్పుడు కాలువ. గ్రావెల్ రోడ్డు గురించి ఇంజినీర్లు చెప్పేదంతా కుదిస్తే మిగిలేది ఇదే: నీటిని రోడ్డు మీద నిలవనీయకు, రోడ్డు వెంట పారనీయకు, రోడ్డు కింద ఇంకనీయకు.

నిలవకుండా ఉండాలంటే రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకి వాలుగా ఉండాలి. దీన్నే క్యాంబర్ అంటారు. ఏటా వెయ్యి మిల్లీమీటర్ల కంటే ఎక్కువ వాన పడే చోట గ్రావెల్ రోడ్డుకి నూటికి 4 చొప్పున వాలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. విశాఖ ఆ కోవలోకే వస్తుంది. 3.75 మీటర్ల వెడల్పు రోడ్డులో సగం 1.875 మీటర్లు. దానికి నూటికి 4 అంటే 7.5 సెంటీమీటర్లు. అంటే రోడ్డు నడిమధ్య అంచు కంటే మూడంగుళాలు ఎత్తుండాలి. దీన్ని కొలవడానికి ఇంజినీరు అక్కర్లేదు. మేస్త్రీలు లెవెల్ చూసుకునే నీళ్ల పైపు, ఒక తాడు, టేపు ఉంటే పది నిమిషాల పని. మనవాళ్లు చేయించే చదునులో అసలు లోపం ఇదే. జేసీబీ బకెట్టుతో లాగితే రోడ్డు బల్లపరుపుగా వస్తుంది. ఆరు నెలలు బళ్లు తిరిగేసరికి చక్రాల జాడలు దిగిపోయి గిన్నెలా మారుతుంది. కళ్లకి నున్నగా కనిపించే రోడ్డుకి మొదటి వానలోనే గుంతలు పడేది అందుకే. క్యాంబర్ రావాలంటే గ్రేడరు (రోడ్డుని వాలుగా గీకే బ్లేడు యంత్రం) కావాలి. దొరక్కపోతే ట్రాక్టరు వెనక బ్లేడు కట్టి, అంచుల నుంచి మధ్యకి మట్టి లాగాలి.

ఈ సందర్భంలో ఒక పాత కథ చెప్పుకోవాలి. 1896లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో డి. వార్డ్ కింగ్ అనే రైతు, నిలువునా చీల్చిన దుంగని గుర్రాలకి కట్టి, వాన వెలిశాక తడి మట్టి రోడ్డు మీద లాగించడం మొదలుపెట్టాడు. అంచున పోగైన మట్టి మధ్యకి చేరి రోడ్డు దానంతటదే ఉబ్బుగా తయారైంది. ఆ పద్ధతి దేశమంతా పాకింది. మన దగ్గర దుంగ బదులు ఇనుప గర్డరు ముక్క, గుర్రం బదులు ట్రాక్టరు పెట్టుకోవచ్చు. ముఖ్యమైన సంగతి పరికరం కంటే వేళ. ఎండిన గ్రావెల్‌ని గీకితే దుమ్ము లేస్తుంది, రాళ్లు వదులవుతాయి. తడి ఉన్నప్పుడు గీకితేనే మళ్లీ అంటుకుని గట్టిపడుతుంది. మన సంఘాలు ఈ పనిని సంక్రాంతి ముందు, చుట్టాలొచ్చే వేళకి చేయిస్తాయి. అప్పటికి నేల ఎండి ఉంటుంది. సెప్టెంబరులో, రెండు వానల మధ్య తెరిపిలో చేయిస్తే అదే డీజిలుకి రెట్టింపు ఫలితం.

రోడ్డు వెంట పారకూడదంటే పక్క కాలువలు ఉండాలి. కాలువ ఉన్నా, రోడ్డుకీ కాలువకీ మధ్య అంచున గడ్డి, మట్టి కలిసి చిన్న కట్టలా పేరుకుంటుంది. దాన్ని చెక్కేయకపోతే నీరు కాలువలోకి దిగలేక రోడ్డు మీదే పారుతుంది. వేలు పోసి గ్రావెల్ తోలేముందు నలుగురు పార, గునపం పట్టుకుని ఒక ఆదివారం ఆ కట్టని అక్కడక్కడా తెంపితే వచ్చే లాభం నమ్మశక్యం కాదు. వాలు ఎక్కువున్న చోట, కొండ పక్క దారుల్లో, నీరు వేగం అందుకోకముందే పొలాల వైపో గెడ్డ వైపో మళ్లించే ఏటవాలు మళ్లింపులు కావాలి. ఎవరి పొలంలోకి మళ్లిస్తున్నామో ఆయనకి ముందు చెప్పాలి. లేకపోతే రాత్రికి రాత్రి అది మూసుకుపోతుంది.

రోడ్డు కింద ఇంకకూడదన్నది వరి మళ్ల పక్కన మహా కష్టం. మడిలో నిలిచిన నీరు పక్కనున్న రోడ్డు అడుగు మట్టిని నెలల తరబడి నానబెడుతుంది. పైన ఎంత గ్రావెల్ పోసినా అది బురదలోకి దిగిపోతుంది. రెండు మార్గాలున్నాయి: రోడ్డుని ఎత్తు చేయడం, లేదా గట్టుకీ రోడ్డుకీ మధ్య లోతైన కాలువ. రైతు మాత్రం పొలంలోకి ట్రాక్టరు దించడానికి ఆ కాలువనే పూడుస్తాడు. పై మడి నుంచి కింది మడికి నీరు పెట్టడానికి రోడ్డుకి అడ్డంగా గండి కొడతాడు. తిట్టుకోవడం వల్ల ఒరిగేదేమీ ఉండదు, ఆయనకి నీరు కావాలి. సంఘం ఖర్చుతో అక్కడ ఒక సిమెంటు తూము వేసి ఇవ్వడం, ఏటా ఆ గండి పూడ్చడం కంటే చవక. తూము మరీ సన్నదైతే చెత్తా చెదారం పట్టి ఒక్క సీజనులో పూడిపోతుంది. చెయ్యి, పార లోపలికి పోయే సైజు ఉంటేనే శుభ్రం చేయగలం.

రాయి, ఇసుక, జిగురు

గ్రావెల్ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే పైన చెప్పినవి కుదిరితే ఇది సగం తేలికవుతుంది. మంచి గ్రావెల్‌లో మూడూ ఉండాలి: బరువు మోయడానికి రాయి, సందులు నింపడానికి ఇసుక, పట్టి ఉంచడానికి కొంచెం జిగురు మట్టి. జిగురు ఎక్కువైతే వానలో జారుడు, తక్కువైతే వేసవిలో దుమ్ము, వదులు రాళ్లు. తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ రాయి వానకీ ఎండకీ చివికి ఎర్రమట్టి అవుతుంది. మన ప్రాంతంలో టిప్పర్లలో వచ్చే ఎర్ర గ్రావెల్‌లో ఇలాంటి మట్టి పాలు ఎక్కువ. కొన్ని లోడ్లలో రాయిలా కనిపించేది చేత్తో నలిపితే పొడి అయిపోతుంది. ఆర్డరు ఇచ్చేముందు ఒక సీసాలో పిడికెడు వేసి, నీళ్లు పోసి, బాగా కదిపి, రాత్రంతా వదిలేయండి. అడుగున రాయి, దానిపైన ఇసుక, ఆపైన మట్టి పొరలు పొరలుగా పేరుకుంటాయి. మట్టి పొరే సీసాలో సగముంటే ఆ లోడు వద్దు, లేదా క్రషర్ నుంచి చిప్స్, డస్ట్ తెచ్చి కలపాలి. ఉత్త క్రషర్ డస్ట్ ఒక్కటే పరిస్తే మాత్రం పట్టు ఉండదు, వేసవిలో అంతా గాలికి పోతుంది.

ఎక్కడి నుంచి తెస్తున్నారన్నది కూడా అడగాలి. గ్రావెల్ చట్టం దృష్టిలో చిన్నతరహా ఖనిజం. గనుల శాఖ అనుమతి, సీనరేజి (ఖనిజం తీసినందుకు ప్రభుత్వానికి కట్టే రుసుము) చెల్లింపు లేకుండా కొండ తవ్వడం నేరం. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల నాటి భూగర్భ వారసత్వం, వాటి జోలికి అసలే పోకూడదు. పంచాయతీ చెరువు పక్కన దొరికిందని, రాత్రిపూట చవగ్గా వస్తోందని తోలించుకుంటే, రేపు బిల్లు అడిగినప్పుడు సంఘం పుస్తకంలో రాయడానికి ఏమీ ఉండదు.

ఎంత కావాలి? కిలోమీటరు పొడవు, 3.75 మీటర్ల వెడల్పు, గట్టిపడ్డాక 15 సెంటీమీటర్ల మందం అంటే 562 ఘనపు మీటర్లు. వదులు గ్రావెల్ తొక్కుడికి అణుగుతుంది కాబట్టి దాదాపు 700 తోలించాలి. ఇక్కడి లెక్కలో యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, కాబట్టి సుమారు 250 యూనిట్లు. ఉన్న రోడ్డు మీద 5 సెంటీమీటర్ల పైపూత అయితే 80 యూనిట్లు. నాలుగు టిప్పర్లతో కిలోమీటరు రోడ్డు వేశాం అని ఎవరైనా అంటే, వేసింది రోడ్డు మీద రంగు అని అర్థం.

వేసవిలో గ్రావెల్ రోడ్ల మీద అడ్డంగా అలలు లేస్తాయి, బండి దడదడలాడుతుంది. చాలామంది దాన్ని నాసిరకం గ్రావెల్ తప్పు అంటారు. సగం నిజమే. మిగతా సగం వేగం. 2007లో కొందరు భౌతిక శాస్త్రవేత్తలు ఇసుక మీద చక్రం తిప్పి చూసి, ఒక వేగం దాటాకే అలలు పుడతాయని, నెమ్మదిగా పోతే పుట్టవని చూపించారు. ఒక స్పీడ్ బ్రేకరు కంటే "20 దాటొద్దు" అన్న బోర్డు చవక. బైకుల కుర్రాళ్లు పాటిస్తారా అంటే, అది వేరే వ్యాసం.

ఎవరెంత

ఇప్పుడు అసలు గొడవ. "మా ఇల్లు మొదట్లోనే ఉంది కదండీ, మాకెందుకు చందా?" అని ఒకరు. "చివర ఉన్నామని మమ్మల్నే పిండుతారేటి?" అని మరొకరు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. అంకెలతో చూద్దాం. ఒక కిలోమీటరు దారి, ఏటా ఖర్చు 1,20,000 రూపాయలు అనుకుందాం. మొదటి 300 మీటర్ల చివర 10 ఇళ్లు, 700 మీటర్ల దగ్గర 8 ఇళ్లు, ఆఖర్న 6 ఇళ్లు. మొత్తం 24.

అందరికీ సమానం అంటే ఇంటికి 5,000. వాడిన దూరాన్ని బట్టి అంటే లెక్క మారుతుంది. మొదటి 300 మీటర్ల ఖర్చు 36,000. అది 24 ఇళ్లూ వాడతాయి కాబట్టి తలా 1,500. తర్వాతి 400 మీటర్ల 48,000 రూపాయలు 14 ఇళ్ల మీదే, తలా దాదాపు 3,430. ఆఖరి 300 మీటర్లు ఆరిళ్లవి, తలా 6,000. అంటే మొదటివాళ్లకి 1,500, మధ్యవాళ్లకి సుమారు 4,930, చివరివాళ్లకి 10,930. సమానం అంటే మొదటివాళ్లు మూడింతలకి పైగా ఎక్కువ కడుతున్నారు. దూరం లెక్కంటే చివరివాళ్లు మొదటివాళ్లకి ఏడింతలు కట్టాలి, అంత కట్టలేక సంఘమే వదిలేయొచ్చు. సగం సమానంగా, సగం దూరం లెక్కన పంచితే 3,250, 4,965, 7,965 వస్తాయి. నా ఓటు దీనికే. ఎవరికీ పూర్తి సంతోషం ఉండదు, ఎవరికీ లేచిపోయేంత కోపమూ రాదు.

ఈ పంపకాన్ని కొన్ని దేశాలు చట్టంలోనే రాసుకున్నాయి. స్వీడన్‌లో ప్రైవేటు రోడ్డు వాడుకునే ఆస్తులన్నీ కలిసి 1973 నాటి చట్టం కింద సంఘంగా ఏర్పడతాయి. ఒక్కో ఆస్తికీ వాటా అంకె ఉంటుంది, ఆస్తి అమ్మినా వాటా దాంతోపాటే పోతుంది. కాలిఫోర్నియా సివిల్ కోడ్ సెక్షన్ 845 ప్రకారం ఉమ్మడి దారి హక్కున్నవాళ్లు వాడకాన్ని బట్టి ఖర్చు పంచుకోవాలి, ఇవ్వనివాళ్లని కోర్టుకి లాగొచ్చు. మనకి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఈజ్‌మెంట్స్ చట్టం ఖర్చు వాడుకునేవాళ్లదని చెప్పి ఊరుకుంది, వాళ్లలో వాళ్లు ఎలా పంచుకోవాలో చెప్పలేదు.

బరువు బళ్ల సంగతి విడిగా తేల్చాలి. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్‌లో రోడ్ల మీద లారీలు తిప్పి చేసిన పరీక్షల్లో, రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందని తేలింది. కారు ఇరుసు అర టన్ను, నిండు టిప్పరు ఇరుసు 10 టన్నులు అనుకుంటే బరువు 20 రెట్లు, నష్టం 1,60,000 రెట్లు. ఆ పరీక్షలు తారు, సిమెంటు రోడ్ల మీద చేసినవి కాబట్టి ఆ అంకెని గ్రావెల్‌కి అచ్చంగా అతికించలేం. దిశ మాత్రం అదే. ఇల్లు కడుతున్నవారు, సరుగుడు తోట కొట్టిస్తున్నవారు, కోళ్ల ఫారానికి దాణా లారీ రప్పించేవారు మామూలు చందా కట్టి ఊరుకుంటే మిగతావాళ్లు వాళ్ల వ్యాపారానికి సబ్సిడీ ఇస్తున్నట్టే. లోడుకి ఇంత అని ముందే రాసుకోవాలి, వాన పడిన రెండ్రోజులు బరువు బండి రాకూడదన్న షరతుతో సహా. నిజానికి ఆ రెండ్రోజుల నిషేధం, డబ్బు కంటే ఎక్కువ రోడ్డుని కాపాడుతుంది.

ఇక రాళ్లు పాతి వెళ్లిపోయిన ప్లాట్ల యజమానులు. హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు, రోడ్డు మీద తిరగరు, చందా అడిగితే "మేము వాడట్లేదు కదా" అంటారు. రోడ్డు బాగైతే మొదట పెరిగేది వాళ్ల గజం ధర. వీళ్లని బలవంతం చేసే దారి లేదు. చేయగలిగింది ఒకటే: ప్లాటు అమ్మకానికి పెట్టినప్పుడు, ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఎలాగూ రోడ్డు కావాలి, అప్పుడు కట్టాల్సిన ప్రవేశ రుసుము ఎంతో ముందే బోర్డు మీద రాసి పెట్టడం. ఆ బోర్డు చూశాక కొనేవాడు అమ్మేవాడిని అడుగుతాడు. అయితే దారి పబ్లిక్‌దైతే ఇది అడగడమే తప్ప ఆపడం కుదరదు. రుసుము కట్టలేదని గేటు పెడితే తప్పు సంఘానిదవుతుంది.

సంఘం అంటే ఏమిటి

ఊరుమ్మడి పనులు మనకి కొత్త కాదు. చెరువు గట్లు, పంట కాలువలు రైతులే ఏటా బాగుచేసుకునే కుడిమరామత్తు మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉండేది. రైతులు రావడం మానేస్తున్నారని 1858లో బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టమే తెచ్చింది. బలవంతం పెట్టాల్సి వచ్చిందంటే అప్పటికే ఆ పద్ధతి సడలుతోందనేగా. ఈ మధ్య మన్యంలో గిరిజనులు డోలీ మోతలు భరించలేక సొంత డబ్బుతో, శ్రమదానంతో రోడ్లు వేసుకున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. అక్కడ అవసరం ప్రాణం మీదకి వచ్చింది కాబట్టి జనం కదులుతారు. రోడ్డు ఓ మోస్తరుగా ఉండి, కారు ఎలాగో గెంటుకుంటూ పోయే చోట జనాన్ని కదపడం ఇంకా కష్టం.

ఉమ్మడి వనరుల మీద పరిశోధనకి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్, నేపాల్ సాగు కాలువల నుంచి అనేక చోట్ల ఇలాంటి సంఘాలని చూసి, నిలిచినవాటిలో కొన్ని పోలికలు గుర్తించారు. ఎవరు సభ్యులో స్పష్టంగా ఉండడం, ఖర్చు లాభానికి తగ్గట్టు ఉండడం, నిబంధనలు ఆ ఊరివాళ్లే రాసుకోవడం, తప్పితే మొదట చిన్న జరిమానా, తర్వాతే పెద్దది. పైన చెప్పిన చందా లెక్క ఎందుకంత ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. లెక్క న్యాయంగా లేదనిపించిన మరుక్షణం జనం బయటకి చెప్పరు, మీటింగుకి రావడం మానేస్తారు.

రిజిస్ట్రేషన్ కావాలా? 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కలిస్తే చాలు, బైలాస్ రాసుకుని జిల్లా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసుకోవచ్చు. దాంతో సంఘం పేరున బ్యాంకు ఖాతా వస్తుంది, కాంట్రాక్టరుతో ఒప్పందం సంఘం పేరున రాసుకోవచ్చు, పంచాయతీ కూడా అర్జీని కాస్త సీరియస్‌గా తీసుకుంటుంది. పది ఇళ్ల దారికి ఇదంతా భారం. అక్కడ ఇద్దరి పేరున జాయింట్ ఖాతా, ఒక నోటు పుస్తకం, ప్రతి చందాకీ రసీదు చాలు. ముప్పై ఇళ్లు దాటితే, లేదా ఏటా లక్ష దాటి చేతులు మారుతుంటే రిజిస్టరు చేసుకోవాలి. ఒక్కరి ఫోన్‌పేలోకి చందాలు వేయించుకోవడం మాత్రం ఎంత మంచివారైనా మానుకోవాలి. ఆయన నిజాయితీకి అదే పెద్ద అన్యాయం.

ఒంటి చాకిరీ విషయం ఎవరూ రాసిపెట్టుకోరు. ట్రాక్టరు ఉచితంగా తెచ్చేవాడు, నాలుగు ఆదివారాలు కాలువ తీసేవాడు, లెక్కలు చూసే రిటైర్డు మాస్టారు: వీళ్ల పని చందాలో ఎంతకి సమానమో మొదటి మీటింగులోనే తేల్చాలి. లేకపోతే డబ్బిచ్చినవాళ్లు యజమానుల్లాగ, పని చేసినవాళ్లు కూలీల్లాగ తయారవుతారు.

ఊరు సిటీలోకి జరిగితే

విశాఖ చుట్టుపక్కల ఈ దారులకి ఇంకో అనిశ్చితి ఉంది. భీమిలి పట్టణం ఇప్పుడు జీవీఎంసీలో (గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థలో) భాగం. ఆనందపురం నుంచి పెందుర్తి మీదుగా అనకాపల్లికి ఆరు వరసల హైవే వచ్చాక దాని పక్క ఊళ్లన్నిట్లో పొలాలు ప్లాట్లవుతున్నాయి. ఈ రోజు పంచాయతీ తీర్మానంతో నడుస్తున్న దారి కొన్నేళ్లకి ఒక వార్డు రోడ్డు కావచ్చు, అక్కడ సిమెంటు పడొచ్చు. అందుకే సంఘం తన మరమ్మతుల తేదీలు, ఫొటోలు, కొలతలు, తూములు ఎక్కడెక్కడ వేసిందో చూపే చిన్న గీత పటం దాచుకోవాలి. సిమెంటు రోడ్డు వేసే కాంట్రాక్టరుకి నీళ్లు ఎటు పోతాయో తెలియదు, అడగడు కూడా. పాత తూము మీద నుంచి పలక పోసేస్తే, కింద మట్టి కోసుకుపోయి రెండు వానాకాలాల్లో పలక విరుగుతుంది. అంచనాలు తయారయ్యేటప్పుడే ఆ పటం పట్టుకుని ఇంజినీరుని కలవాలి. పని మొదలయ్యాక కలిస్తే, "అంచనాలో లేదండి" అంటారు.